తండ్రి పేరు: చెంచురామయ్య

1962, ఎండాకాలం. నెల్లూరు జిల్లా కోటలో ఒక పెంకుటింటి వసారా. డెబ్భై ఐదేళ్ల పద్మనాభయ్య ఆ ఇంట్లో ఒంటరిగా ఉంటాడు. కళ్లకు పొరలు కమ్మి, ఎదుట నిలబడ్డ మనిషి కూడా అతనికి నీడలాగానే కనిపిస్తాడు. ఆ మధ్యాహ్నం ఆఫ్రికా నుంచి ముప్పై ఏళ్ల ప్రమీల అతన్ని వెతుక్కుంటూ వచ్చింది.

"ఇంగోసారి చెప్పు తల్లీ. పేరు ఏమన్నావు?"

"ప్రమీల అండి."

"అది కాదు. దాని ఎనకాల ఇంగోటన్నావే."

"చెంచురామయ్య. ప్రమీలా చెంచురామయ్య. మా దేశంలో పెద్దల పేరే ఇంటిపేరు అయిపోతుందండి. మా నాన్నకూ అదే, చిన్నాన్నలకూ అదే. బడిలో నా గది తలుపు మీద కూడా అదే రాసుంటుంది."

"పంతులమ్మవా?"

"అవునండి. డర్బన్‌లో. నేటాల్ అని చెప్తే ఇక్కడి పెద్దవాళ్లకు తెలుస్తుందన్నారు."

"తెలుసు. నేటాలు తెలుసు. ఇంగోసారి అను."

"ఏమని?"

"ఆ ఇంటిపేరు."

"చెంచురామయ్య."

"ఊఁ."

"పోస్టాఫీసులో అడిగితే, ఆ పేరుగలాయన పోయి చాలా కాలమైంది, కొడుకు పద్మనాభయ్య గారున్నారు, పొండి అన్నారు. మీరేనా?"

"నేనే. కూచో. ఆ మంచం మీద కాదు, నులక తెగింది. ఆ పీట లాక్కో. ఇంతదూరం ఒక్కదానివే వచ్చినావా?"

"నా దగ్గర ఒక కాగితం ఉందండి. మా జేజి ఓడెక్కేటప్పుడు మద్రాసులో రాసిచ్చిన పాసు. జేజి అంటే మా నాన్నకు అమ్మ. డర్బన్‌లో పాత ఆఫీసులో ఓడకొక పుస్తకం ఉంది. దాన్లోంచి చేత్తో ఎత్తి రాసుకొచ్చినాను."

"ఏం పేరు, మీ జేజిది?"

"పెంచలమ్మ... ఏమండీ? ఏమైంది?"

"ఏం లే. గాలి. సముద్రం మీది గాలికి కండ్లల్లో నీళ్లొస్తాయి. చెప్పు."

"పెంచలమ్మ. తండ్రి పేరు చెంచురామయ్య. కోట గ్రామం, గూడూరు తాలూకా, నెల్లూరు జిల్లా. పందొమ్మిది వందల తొమ్మిదిలో ఓడెక్కింది. ఆ కాలంలో ఈ ఊళ్లో ఆ పేరుతో ఇంకెవరైనా ఉండేవాళ్లా?"

"లేరు. కోటలో చెంచురామయ్య ఒక్కడే. మా నాయన."

"అయితే పెంచలమ్మ మీకు..."

"చెల్లెలు."

"చెల్లెలా?"

"చెల్లెలే. నా ఎనకాల పుట్టింది. అంటే నేను నీకు తాతనవతా. అండీ గిండీ వొద్దు. తాతా అను."

"తాతా."

"అట్టా. బాగా పలకతా ఉండావే తెలుగు! ఎవురు నేర్పినారు?"

"జేజే నేర్పింది. ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడితే అన్నం పెట్టేది కాదు."

"మంచి పని చేసింది. పాపం, ఎప్పుడు..."

"తాతా, ఆమె చిన్నప్పుడు ఎట్లా ఉండేది? అది చెప్పు ముందు."

"ఎట్టా అంటే... చెప్పిన మాట ఇనేది కాదు. ఈ దొడ్లో చింతచెట్టు ఉండేది. ఇప్పుడు లేదులే, తుపానుకి పడింది. అన్నం తిని చెయ్యి కడుక్కుంటే చెట్టు మీదే. మా అమ్మ కింద నిలబడి తిడతా ఉంటే, పైనించి చింతకాయలు ఇసిరేది. ఒకటి అమ్మ నెత్తిన పడింది. ఆ పొద్దు తిన్న దెబ్బలు ఇప్పటికీ..."

"ఇప్పటికీ?"

"ఇప్పటికీ గుర్తుండాయి అంటన్నా. నేను చూస్తా ఉన్నా గదా."

"ఇంకా?"

"సముద్రం చూడాలని ఒకటే గోల. ఈడికి ఎంతలే, రెండు మూడు కోసులు. నేనే భుజాన ఎక్కించుకొని పోయినా. అల వచ్చేసరికి భయపడి నా జుట్టు పట్టుకుంది చూడు, పిడికెడు ఊడొచ్చింది!"

"మద్రాసులో ఓడెక్కేదాకా సముద్రం ఎట్లా ఉంటుందో తెలీదని చెప్పింది జేజి."

"ఆఁ? మరిచిపొయ్యుంటాది. చిన్నపిల్ల గదా అప్పుడు."

"ఇంత నీటిని మనుషులు ఎక్కణ్నుంచి తెచ్చి పోసినారా అనుకున్నానని చెప్పింది."

"అట్టనా? అట్ట చెప్పిందా?"

"అవును. సరే, మరి ఎందుకు పోయింది తాతా? పద్దెనిమిదేండ్ల పిల్ల ఒంటరిగా ఓడెందుకెక్కింది?"

"నాయన కోప్పడినాడు."

"దేనికి?"

"దేనికో. ఇన్నేండ్లయినాక ఏం గుర్తుంటాది? ఆ రోజుల్లో మేస్త్రీలు తిరిగేవోళ్లు ఊళ్లమ్మట. ఆడ చెరుకు తోటల్లో నీడపట్టున పని, ఐదేండ్లు కండ్లు మూసుకుంటే చాలు, బంగారం మూటతో తిరిగి రావచ్చు, అని చెప్పి తోలకపోయేవోళ్లు. ఇంట్లో ఎవురన్నా ఒక మాట అంటే చాలు, ఆ మేస్త్రీ ఎనకాలే పోయేవోళ్లు."

"మీరు వెతకలేదా?"

"ఎతకలేదా అంటావా? గూడూరు, నాయుడుపేట, నెల్లూరు..."

"మద్రాసు?"

"మద్రాసు... ఆ పక్కకి పోలే."

"ఓడలు మద్రాసులోనే కదా తాతా ఎక్కేది? అక్కడికెందుకు పోలేదు?"

"నువ్వు మజ్జిగ తాగతావా? ఎండన వచ్చినావు. సుల్తాన్‌బీ! ఓ సుల్తాన్‌బీ!"

"వస్తన్నా పెద్దాయనా, అంత గొంతెందుకు? గోడ అవతలే గదా ఉండా. ఎవురమ్మా ఈమె? ఈ ఇంటికి మనిషి రావడం నేను చూసి..."

"ప్రమీలా, ఈమె పక్కింటి సుల్తాన్‌బీ. ఇరవై ఏండ్లుగా నాకింత కూడు ఒండి పెడతా ఉండేది ఈమే. సుల్తాన్‌బీ, ఈ అమ్మాయి మా చెల్లెలి మనవరాలు. ఆఫ్రికా నించి వచ్చింది."

"ఏ చెల్లెలు?"

"మా చెల్లెలు."

"నీకు చెల్లెలు ఏది?"

"ఉండింది. నువ్వు కాపరానికి రాకముందు సంగతి."

"అయితే పోయినేడు జనాభా లెక్కలకి జ్ఞానప్రకాశం పంతులు వచ్చి ఇంట్లో ఎందరు అని అడిగినప్పుడు..."

"ఒక్కడే అన్నా. ఒక్కడే గదా ఉండేది!"

"ఆడికి ఊరుకున్నావా? ముందర ఎవురూ లేరు, ఎనకాల ఎవురూ లేరు, తోడబుట్టినోళ్లు గూడా లేరు, అది గూడా రాసుకో అన్నావు. దానికి గడి లేదు పెద్దాయనా, అన్నాడాయన. లేకపోతే నువ్వే గీసుకో అని గొడవ పెట్టుకున్నావు. నేను మీ ఇద్దరికీ మంచినీళ్లు తెచ్చిస్తి గదా."

"మజ్జిగ తెచ్చి పెట్టి పో మే. ఉప్పు తక్కువెయ్."

"పోతా. నాకేంది. అమ్మాయ్, ఈ చెంబుతో మొగం కడుక్కో ముందు. సగం మైకంలో ఉన్నట్టుండావు ఎండకి."

"ఆమె మాటలు పట్టించుకోవద్దు ప్రమీలా. ఆమెకి మతిమరుపు."

"ఆమెకు మతిమరుపు ఉన్నట్టు లేదు తాతా."

"ఆ కాగితం చదువు. ఒకసారి ఇంటా. నాకు కండ్లు ఆనవు."

"కాగితం ఇంగ్లీషులో ఉంది. తెలుగు చేసి చెప్తాను. నెంబరు ముందు. తరువాత పేరు, పెంచలమ్మ. తండ్రి పేరు, చెంచురామయ్య. వయసు, పద్దెనిమిది. ఆడ. తరువాత..."

"కులం. అది వొదిలెయ్. దాని తరవాత జిల్లా, తాలూకా, ఊరు. ఊరయినాక ఎత్తు, అడుగులూ అంగుళాలూ. ఆ కింద ఒంటి మీద గుర్తులు. ఎడమ చేతికి కాలిన మచ్చ, మోచెయ్యి నించి మణికట్టు దాకా."

"తాతా."

"ఊఁ."

"కాగితం నా చేతిలో ఉంది. నీకేమో కండ్లు ఆనవు. నేను జిల్లా దాకా కూడా రాలేదు."

"మచ్చ తెలీదా? తోడబుట్టినోణ్ణి."

"మచ్చ తెలుస్తుంది. గడుల వరస ఎట్లా తెలుస్తుంది?"

"అందరి పాసులూ ఒకటే మాదిరి ఉంటాయి తల్లీ."

"నువ్వు ఎందరి పాసులు చూసినావు?"

"ఈ మజ్జిగ ఇంకా తేలేదే..."

"తెచ్చి నీ పక్కనే పెట్టి పోయిందామె. తాతా, నేను ఆ పుస్తకాల్లో ఒక్క పేజీ చూసి ఊరుకోలేదు. ప్రతి శనివారం పోయినాను. మూడేండ్ల పుస్తకాలు తిప్పినాను. మొన్న నెల్లూరులో ఒక ప్లీడరు గారింట్లో పాత జనాభా లెక్కల పుస్తకం ఉందంటే అదీ చూసినాను. దాన్లో పేర్లే లేవు. కోటలో మగవాళ్లు ఇందరు, ఆడవాళ్లు ఇందరు, అంతే. ఉత్త తలకాయలు. దానికన్నా ఓడ పుస్తకాలు నయం అనుకున్నాను. ప్రతి మనిషికీ ఒక పేరుంది, ఒక తండ్రి ఉన్నాడు."

"ఉంటాడు. తండ్రి పేరు గడి ఖాళీగా పెట్టకూడదు."

"ఖాళీగా లేదు. కోట చెంచురామయ్యకు ఆ పుస్తకాల్లో కూతుళ్లు ఎంతమందో తెలుసా తాతా?"

"నువ్వే చెప్పు."

"పదకొండుమంది. ఐదు ఓడల్లో పదకొండుమంది. ఒక ఓడలో ముగ్గురు, ముగ్గురికీ ఇరవై ఏండ్లే. కులం గడిలో ఒకామెకు గొల్ల, ఒకామెకు బలిజ, ఇంకొకామెకు మహమ్మదీయ. సాయిబుల అమ్మాయికి కూడా చెంచురామయ్యే తండ్రి!"

"ఖాదర్‌బీ."

"ఏమిటి?"

"ఆ పిల్ల పేరు. దొర గబగబా సంతకాలు పెట్టుకుంటా పోయినాడు, చూసుకోలే. చూసుంటే ఆ పొద్దే నా ఉద్యోగం పొయ్యుండును."

"అయితే నువ్వేనా?"

"నేనే రాసినా."

"మొదట్నుంచీ చెప్పు. అబద్ధం లేకుండా చెప్పు."

"ఏముండాది చెప్పను? నాలుగో ఫారం దాకా చదివినా. చేతిరాత గుండ్రంగా ఉంటాదని మద్రాసులో కూలీల డిపోలో గుమాస్తాగా తీసుకున్నారు. ఇరవై రెండేండ్లు నాకు. మేస్త్రీలు మనుషుల్ని తోలకొచ్చేది, డాక్టరు నాలిక చూసేది, నేను గడులు నింపేది. రోజుకి నలభై, యాభై. చెయ్యి నొప్పి పుడతా ఉంటే రాత్రిపూట ఉప్పునీళ్లల్లో పెట్టుకునేవోణ్ణి."

"ఆడవాళ్లకు?"

"మొగుడితో వచ్చినామెతో పేచీ లేదు. ఒంటిగా వచ్చిన ఆడమనిషి అయితే తండ్రి పేరూ, ఊరూ రాసి, ఆ ఊరికి కాగితం పంపించాల. మీ పిల్ల ఈడ ఉండాది, ఇష్టమేనా అని. ఇంటోళ్లు వచ్చి తీసకపోతే తీసకపోతారు. పేరు చెప్పకపోతే పోలీసోళ్లకి అప్పజెప్పేది. వాళ్లు ఊరు కనిపెట్టి ఇంటికి చేర్చేది."

"అందుకని మీ నాయన పేరు రాసినావు. కోటకు పోవలసిన కాగితం?"

"అది రాయాల్సింది గూడా నేనే గదా. రాసేవోణ్ణి కాదు. ఇంటోళ్లకి ఇష్టమే అని జవాబు వచ్చినట్టు రాసుకునేవోణ్ణి."

"మా జేజి సంగతి చెప్పు. గుర్తుందా? పదకొండుమందిలో ఆమె ఎవరో గుర్తుందా నీకు?"

"కడమ పదిమందివీ పేర్లు గుర్తుండాయి, మొకాలు లేవు. పెంచలమ్మ ఒక్కతీ గుర్తుండాది. ముందు ఆమెకే గదా రాసింది."

"చెప్పు."

"మూడు దినాలు అన్నం ముట్టలే. రేకుల కొట్టాంలో ఒక మూల గోడకేసి తిరిగి కూచుంది. మేస్త్రీ ఏదో పేరు చెప్పినాడు. అది ఆమెది కాదని నాకు తెలుసు, ఆ పేరుతో పిలిస్తే తిరిగేది కాదు. నాలుగో దినం దొర వచ్చే టయం అయింది. తల్లీ, తండ్రి పేరు చెప్పు, లేకపోతే ఇంటికి తోలేస్తారు అన్నా. అప్పుడు నా పక్కకి తిరిగి చెయ్యి చాపింది. మచ్చ అన్నా గదా? మచ్చ కాదది. ఇంకా మానలే."

"ఏమీ మాట్లాడలేదా?"

"ఒకటే మాట. ఇంటికి పంపిస్తే ఈసారి మొగం కాలుస్తారు, అనింది."

"ఎవరు? ఎవరు కాల్చినారు?"

"అడగలే."

"అడగలేదా!"

"అడిగితే రాయాల్సొస్తాది గదా తల్లీ. కలం సిరాలో ముంచి చేతిలో పెట్టుకోనుండా. గడి ఖాళీగా ఉండాది. బయట దొర గుర్రబ్బండి చప్పుడు. చెంచురామయ్య అని రాసేసినా. రాసినాక ఊరు కోట తప్ప ఇంగేం రాయను?"

"పెంచలమ్మ అని?"

"అదీ నేనే. మా అమ్మకి నా తరవాత కాన్పులు నిలవలే. ఆడపిల్ల పుడితే పెంచలమ్మ అని పెట్టుకుంటానని మొక్కుకునుంది. పుట్టలే. పేరు ఇంట్లో ఊరికే పడుండాది. ఇచ్చినా. తండ్రి పేరు మా నాయనది, ఊరు మాది, ఈ పేరుతో పిలిస్తే పలుకు తల్లీ, అన్నా. సరే అని తల ఊపింది."

"తరువాత ఇంకో పదిమందికి."

"కొట్టాంలో ఆడోళ్ల మధ్య మాట దాగదు. ఆ కుర్ర గుమాస్తా కాడికి పో, తండ్రి పేరు ఇస్తాడు, అని చెప్పుకున్నారు. వచ్చి నా బల్ల ముందర నిలబడేవోళ్లు. లేదని ఎట్టనేది?"

"మంచి పని చేసినావు అనాలా నేను?"

"అనొద్దు."

"వాళ్లు దిగిన చోటు ఎట్లా ఉండేదో తెలుసా నీకు? తెల్లవారకముందే గంట కొట్టి లేపేవాళ్లు. చెరుకాకు కోసుకుపోయి ఒళ్లంతా నెత్తుటి గీతలు. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవాళ్లు. మా జేజి మొదటి బిడ్డను గట్టు మీద పడుకోబెట్టి చెరుకు కొడుతుంటే, పాము కరిచి పోయింది ఆ బిడ్డ. సాయంత్రం గంట కొట్టేదాకా చూసుకోనీలేదు."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"ఆ బిడ్డ సంగతి తెలీదు. ఆడ ఎట్టుంటాదో తెలుసు. ఐదేండ్లయి తిరిగొచ్చినోళ్లు డిపో మెట్ల మీద కూచునేవోళ్లు. కొందరికి వేళ్లుండవు. చూసేవోణ్ణి."

"చూసి కూడా రాసినావా?"

"రాసినా. ఈ పక్కా నిప్పే, ఆ పక్కా నిప్పే. ఆ పక్కది దూరంగా ఉండాది గదా అనుకునేవోణ్ణి."

"జేజికి ఒక ఊరుండింది తాతా. ఎవరో చెయ్యి కాల్చినారు, సరే. ఊళ్లో అందరూ కాల్చినారా? ఒక అక్క ఉండుంటే? కూతురి కోసం ఎక్కడెక్కడో తిరిగిన తల్లి ఉండుంటే? ఒక్క గడిలో ఒక్క పేరు రాసి అందర్నీ తుడిచేసినావు. చిన్నప్పుడు అడిగినా, పెద్దయినాక అడిగినా, పుట్టిల్లు ఏదంటే కోట అనే చెప్పింది నాకు. మా తాతతో ఆమె పెళ్లి అక్కడి కాగితాల్లో ఎక్కలేదు, అందుకని పిల్లలకు ఆమె పాసులో ఉన్న పేరే ఎక్కింది. అరవైమందిమి ఉన్నాం ఇప్పుడు, ఆ పేరు పెట్టుకోని. ఎవరి పేరది? మూడు వారాలు ఓడలో కూర్చోని ఎవరి ఇంటికి వచ్చినాను నేను?"

"ఎవురూ లేని ఇంటికి."

"ఆ చింతచెట్టు?"

"ఎక్కింది నేనే. కింద నిలబడి తిట్టింది మా అమ్మే. ఆ దెబ్బలు నేనే తిన్నా."

"సముద్రం?"

"ఎవుర్నీ భుజాన ఎక్కించుకోలే. ఒక్కణ్ణే పోయేవోణ్ణి. చిన్నప్పుడూ అంతే, పెండ్లాం పోయినాకా అంతే."

"ఆమె ఎప్పుడు పోయింది?"

"డిపో మూసేసినాక ఇంటికొచ్చి పెండ్లి చేసుకున్నా. కాన్పులో పోయింది. బిడ్డ గూడా దక్కలే. మళ్లీ చేసుకో చేసుకో అన్నారు, మనసు పోలే. అబద్ధం ఎందుకు చెప్పినావని అడగవే?"

"అడుగుతున్నాను. ఎందుకు చెప్పినావు?"

"నువ్వు వాకిట్లో నిలబడి మా నాయన పేరు చెప్పినావు. నలభై ఏండ్లయింది, ఈ ఇంట్లో ఆ పేరు ఇంగో మనిషి నోట విని. ఊరోళ్లకి నేను పెద్దాయన, అంతే. ఎవురి కొడుకని అడిగేవోడు గూడా లేడు. నువ్వేమో దాన్ని నీ పేరు ఎనకాల తగిలించుకోని వచ్చినావు. నిజం చెప్తే లేచి పోతావు గదా. ఒక గంట కూచోబెట్టుకుందాం అనిపించింది. అంతే తల్లీ. ఇంగేం లేదు."

"మీ నాయనకు తెలుసా, ఆయనకు పదకొండుమంది కూతుళ్లున్నారని?"

"తెలుసు. మంచాన పడినాక చెప్పినా. ఇదే వసారాలో. ఒక్కొక్కరి పేరూ చెప్పినా."

"ఏమన్నాడు?"

"గోడపక్కకి తిరిగి పడుకున్నాడు. ఆ దినమంతా నాతో మాట్లాడలే. కోపం వచ్చిందనుకున్నా. పరాయి పిల్లలకి ఈయన పేరు తగిలిస్తే రాదా మరి? మరుసటి రోజు పొద్దున కాఫీ ఇస్తే తాగలే. ఒరే, ఓడలో ఆ పిల్లలకి అన్నం పెడతార్రా, అని అడిగినాడు."

"నువ్వేం చెప్పినావు?"

"రెండు పూటలా పెడతారు నాయనా అన్నా. బియ్యం మంచియ్యేనా అన్నాడు. మంచియ్యే అన్నా. అప్పుడు తాగినాడు కాఫీ. ఏంది, ఏడస్తా ఉండావా?"

"లేదు."

"నాకు కండ్లే గదా లేంది, చెవులుండాయి. ఇంగ పో తల్లీ. గూడూరు బస్సు మూడింటికి వస్తాది, అది పోతే పొద్దుగూకేదాకా ఇంగోటి లేదు. మీ ఊరు పోయినాక మీ నాన్నకి చెప్పు, కోటలో మనోళ్లు ఎవురూ లేరు, ఒక ముసలి గుమాస్తా ఉండాడు, తప్పయింది అన్నాడని చెప్పు."

"తాతా."

"తాతా అనొద్దు ఇంగ. అది గూడా నేను చెప్పించిందే గదా."

"నేను నీతో పోట్లాడదామనే వచ్చినాను. ఓడలో ఉన్నన్నాళ్లూ మాటలు కూర్చుకుంటూ వచ్చినాను. అన్నీ అనేసినాను. కానీ ఆమె అందుకు రాలేదు."

"ఎవురు రాలేదు?"

"లేచి ఆ చొక్కా తొడుక్కో."

"చొక్కా ఎందుకు? ఎవురు వచ్చినారు? ప్రమీలా, ఎవురమ్మా?"

"డెబ్భై దాటినాక ఇంత ప్రయాణం వద్దని మా నాన్న కాళ్లావేళ్లా పడినాడు. వినలేదు. పుస్తకంలో పదకొండుమంది ఉన్నారు జేజీ అని చెప్తే, నాకు తెలుసు, ఆ బల్ల దగ్గర నా వెనకాల నిలబడింది వాళ్లే కదా, అంది. ఇక్కడికి వచ్చినాక బండి దిగలేదు ఆమె. ముందు నువ్వు పో, ఆ గుమాస్తా ఉన్నాడో లేడో చూడు, అంది."

"పెంచలమ్మ... పెంచలమ్మ బతికుండాదా?"

"వీధి మొదట్లో బండిలో కూర్చోనుంది తాతా. మా నాయన ఇంట్లోకి రావచ్చునా, మా అన్నను అడిగి రా, అని నన్ను పంపించింది."